గాజు కడుపుకు పప్పన్నం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంటూరులో మిరపకాయల్లో పురుగుమందులు పరీక్షించే ఒక ల్యాబులో పనిచేసేవాణ్ణి. అక్కడికి మనిషి కడుపులా పనిచేసే గాజు గొట్టాల మిషను ఒకటి వచ్చింది. కారం వేస్తే చాలు, ఆమ్లం, పైత్యరసం తనే పోసుకుని, ఒంటి వేడిలో అరిగించి, అందులోని పురుగుమందు ఎంత ఒంట్లోకి ఎక్కుతుందో చెబుతుంది.

అద్దంకి వైపు రైతు ఒకాయన తన మిరపకాయలు తెచ్చి, మేం వాటిని పొడికొడుతుంటే ఆ మిషను ఎదురుగా కూర్చున్నాడు.

"ఖాళీ కడుపున ఉత్త కారం పోస్తారేంటండీ? మనిషన్నవాడు అన్నంలో కలుపుకోడూ?" అన్నాడు.

"పద్ధతి అదేనండీ" అన్నారు మా ఆఫీసరుగారు.

"అయితే ముందు మీరు తిని చూపించండి!"

ఆఫీసరుగారు తన క్యారేజీ విప్పి, పప్పన్నం మెత్తగా మెదిపి, అందులో కారం కలిపి గొట్టంలో వేయించారు. నెయ్యి కూడా వేయమన్నాడు రైతు. వేశాం. కాసేపటికి గొట్టం పూడుకుపోయి మిషను కీచుమంటూ ఆగిపోయింది. రైతు కంగారుగా లేచి, "మజ్జిగ పొయ్యండి, మజ్జిగ!" అన్నాడు.

మర్నాడు రిపేరుకు వచ్చిన ఇంజనీరు గొట్టం విప్పి, కందిపప్పు చూసి, మా మొహాలకేసి చూశాడు. రిజిస్టరులో కారణం గడిలో ఏం రాయాలో తోచక నేను "అజీర్తి" అని రాశాను. ఆఫీసరుగారు చదివి సంతకం పెట్టారు.