మా అత్తగారి పాలిపోయిన చేను

చేను పొట్టకొస్తుండగా మా అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. భీమడోలు చర్చిలో గంట మోగుతుంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఆ చేను ఎవరు చూస్తారు?

కొల్లేరు వైపు మాకున్న రెండెకరాలు ఆవిడ చేతి మీదే నడిచాయి. తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్ల వీధిలో పెరిగిన నాకు వరికీ గడ్డికీ తేడా నేర్పింది ఆవిడే. ఈ ఏడు యూరియా సగానికి సగం తగ్గించేశారు. వ్యవసాయ శాఖ వాళ్ళిచ్చిన ఆకుపచ్చ రంగుల పట్టీ పట్టుకుని, ఎండకు వీపు పెట్టి, తన నీడలో ఆకును ఆ రంగుల పక్కన ఆనించి చూసేవారు. వాళ్ళు చెప్పిన రంగు కన్నా ఆకు పాలిపోతేనే యూరియా. చూసే మనిషి మారితే రంగు మారుతుందని నన్ను పట్టీ ముట్టుకోనిచ్చేవారు కాదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయాలన్నా ఆవిడ చెప్పాల్సిందే లెండి.

చుట్టూ చేలు యూరియాకి పచ్చదనం ముదిరి నల్లగా నిగనిగలాడుతుంటే మాది జ్వరం పడి లేచిన పిల్లలా ఉండేది. ఉండబట్టలేక అడిగేదాన్ని.

"అత్తయ్యగారూ, కాస్త చల్లిద్దామండీ. నలుగురూ నవ్వుతున్నారు."

"ఆకలేస్తుందేమో ఆకునడుగు, పక్క చేనుని అడక్కు," అనేవారు. "చేను నల్లబడితే మనకన్నా ముందు దోమ సంతోషిస్తుందమ్మా."

పోయినేడు అలా నల్లబడ్డ చేనునే, దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ మాడ్చేసింది. ఆ దిగులు ఆవిడను వదల్లేదు. ఆఖరి జ్వరంలో కూడా "దుబ్బులు విడదీసి చూశావా?" అని అడిగారు.

ఆవిడ కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయ్యేవరకు మేం ఇల్లు కదలలేదు. తర్వాత చేనుకు వెళ్ళాను. మా చేను నల్లగా ఉంది. గట్టు మీద పక్కచేను పెద్దాయన నిలబడి ఉన్నారు.

"మీరు దుఃఖంలో ఉన్నారు కదా అని నేనే యూరియా చల్లించానండి. పెద్దావిడ చేను అలా పాలిపోయి ఉంటే చూడలేకపోయాను. ఎలా తిరిగిందో చూడండమ్మా."

కోపం ముంచుకొచ్చింది. కానీ ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. మా వైపు చావింట్లో పొయ్యి వెలగదని ఇరుగుపొరుగు అన్నం వండి పంపుతారు. ఆయనేమో మా చేనుకు పెట్టారు. ఏమనను?

"మంచిపని చేశారండీ," అన్నాను.

ఆయన వెళ్ళేదాకా ఆగి చేలోకి దిగాను. నడుం వంచి, దుబ్బు విడదీసి మొదలు చూశాను. ఏమీ లేదు. పక్క దుబ్బులోనూ లేదు. ఆ పక్కదాంట్లో, నీళ్ళకు కాస్త పైన, నువ్వుగింజంత పురుగు ఒకటి నా వేలు తగలగానే కాడ వెనక్కి జరిగింది.