సారు బండి కోసం పూడ్చిన ఒర్రె

మా ఊరు నెల్లికుదురు దిక్కు. ఊరి పక్కన గుట్ట ఉన్నది. గుట్ట మీద పడ్డ వాన చిన్న వాగసొంటి ఒక ఒర్రెల పారుకుంట కుంటకు వస్తది. కుంట నిండితే బాయిల ఊట ఉంటది, నిండకుంటే ఉండది. గింతే మా యవుసం. ఆ గుట్టను గ్రానైటుకు కోసుకపోతమని ఒక కంపెనీ కాయితం పెట్టుకున్నది. నీళ్లు పారే ఒర్రె ఉన్నట్టు తేలితే గుట్ట ఇయ్యరట. గది చూడనీకె ఆఫీసరు వస్తుండని కబురొచ్చింది.

మాకొక పాడలవాటు ఉన్నది. పెద్దసారు ఎవలొచ్చినా ముందుగాల బాట చేస్తం. మంత్రి వస్తే చేసినం, పశువుల డాక్టరు వచ్చినా చేసినం. ఈ సారు బండి గుట్ట దాక పోవాలంటే నడుమ ఒర్రె అడ్డమున్నది. ఊరంత కలిసి ట్రాక్టర్లతోటి మొరం తెచ్చి దాన్ని పూడ్చినం. బండి మలుపుకోవాలె గదా అని పైకీ కిందికీ ఇంకింత పోసినం. నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి, రెండు పక్కల సున్నం గీతలు గీసినం. డిగ్రీ చదివిన నేను సుత గంపలు మోసిన. ఒక్కలకన్న బుర్ర ఎలగలేదు.

సారు బండి జర్రున గుట్ట దాక పోయింది. దిగి, ఎనుకకు నడుసుకుంట మా కాడికి వచ్చి, బాట మంచిగున్నదన్నడు. మేం మురిసినం. అటెన్క ఒర్రె యాడున్నదని అడిగిండు.

మీరు తొక్కుతున్నదే ఒర్రె అని నేనే చెప్పిన. సారు బూటుతోటి మొరాన్ని తన్ని చూసిండు. పైన చూస్తే బండ పరుపు, కింద చూస్తే ఎండిన కుంట, ఒర్రె జాడ యాడా లేదు.

"ఈడ ఒర్రె లేదమ్మా. లేదనే రాస్త," అన్నడు.

నాయిన పోయినంక, కన్న అవ్వ నన్ను సాదింది ఆ కుంట కింది ఎకరం మీదనే. ఇంకేం లేదు మాకు.

నా పక్కనున్న అవ్వ పార అందుకొని, సారు బండి ఎనుక మొరం తవ్వుడు షురూ చేసింది. ఆమెను చూసి ఇద్దరు, వాళ్లను చూసి ఊరంత దిగింది. సారు ఫోన్ల మాట్లాడి మల్లేలోపు నడుంలోతు తెగింది. ఇప్పుడు బండి గుట్ట దిక్కు, ఇంటికి పోయే తొవ్వ ఇటు దిక్కు.

సారు గరమైండు. కేసు పెడ్తనన్నడు. మర్యాదగ పూడ్చుండ్రి అన్నడు.

అవ్వ కొంగుతోటి మొఖం తుడుసుకున్నది. "ఏం పూడ్చాలె సారూ? ఒర్రె లేదంటివి గద."

నాకు నవ్వొచ్చింది, అదే ఊపుల ఏడుపొచ్చింది. సారు బండి దిక్కు చూసి, పెన్ను తీసి, ఒర్రె ఉన్నదని రాసిండు. రాసినంక, ఇగ పూడ్చుండ్రి అన్నడు.

బండికి మోకులు కట్టి, అందరం పట్టి, ఒర్రెల దించి ఇటు గుంజినం. ఒక్క గంప మొరం గూడ మళ్ల పొయ్యలె.