ఇన్‌స్పెక్టరు తాగిన మూడు చెంబుల నీళ్లు

నిజం చెప్పండి, మీకంటే పెద్దవాణ్ణి మీరు సూటిగా ఒక ప్రశ్న అడిగి ఎన్నాళ్లైంది? ఆ రోజుల్లో, అంటే గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్నప్పుడు, ప్రశ్న పెద్దల సొత్తు, జవాబు పిన్నల పని. అందులోనూ గడప దాటుతున్న మనిషిని 'ఏడికి?' అని అడగడం మహాపాపం. అడిగితే పోయే పని చెడుతుందట. ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. నేనప్పుడు ఇరవై ఏళ్ల ఇంగ్లీషు పంతుల్ని. సాయంత్రమైతే గ్రంథాలయం అరుగు మీద నిలబడి మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి (వినేవాళ్లు నలుగురు, అందులో ముగ్గురు వాన తగ్గేదాకా ఆగినవాళ్లు).

బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. పిల్లల చేత ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగిస్తాడట. "పోరలు ఒక్క సవాలు గూడ అడగకుంటె నీ నౌకరీ ఖాయం గాదు, జర చూసుకో" అన్నాడు మా హెడ్ మాస్టరు. ఇల్లు గడిచేది ఆ నౌకరీ మీదే. అయినా నాలోని సంస్కర్త ఊరుకుంటాడా? కావాలనే 'వేర్ ఆర్ యూ గోయింగ్' అన్న ప్రశ్ననే ఎంచుకున్నాను. ఒక్కొక్క మాట ఒక్కొక్క పలక మీద రాసి, నలుగురు పిల్లల చేతికిచ్చి వరసగా నిలబెట్టాను. వాళ్లు స్థలాలు మారితే ప్రశ్న తయారు కావాలి. అందరూ మగ్గాల ఇళ్ల పిల్లలే. 'ఆర్' పలక పట్టుకున్న బుడ్డోడు మాత్రం 'యూ' పలక ముందుకు జరగనే జరగడు.

"ఎందుకురా?"

"ఆయన మా చిన్నాయిన, సార్. చిన్నాయిన ముంగట నేనెట్ల నిలవడుత? ఇంట్ల తెలిస్తె తంతరు."

ఆ చిన్నాయన వయసు పదకొండేళ్లు. ముక్కు తుడుచుకుంటూ గంభీరంగా తలూపాడు. ఇక పలకలు మార్చి, చిన్నాయనకే 'ఆర్' ఇచ్చి వ్యాకరణాన్ని బతికించాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోటు, బూటు, మెడకు టై. "ఏదన్న అడగండి, భయపడకుండ్రి" అన్నాడు. పిల్లలు కాలి బొటనవేళ్లు చూసుకున్నారు. మళ్లీ అడిగాడు. మళ్లీ బొటనవేళ్లే. ఆయన పుస్తకంలో ఏదో గీకి లేచాడు. హెడ్ మాస్టరు నన్ను శవాన్ని చూసినట్టు చూశాడు. బయట బండి సిద్ధంగా ఉంది. ఆయన ఒక కాలు బండి మీద పెట్టాడో లేదో, వెనక నుంచి బుడ్డోడి గొంతు ఖంగున లేచింది: "వేర్ ఆర్ యూ గోయింగ్, సార్?"

బండి మీది కాలు నేల మీదికొచ్చింది. కోటు, బూటు, టైతో సహా ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి కూర్చున్నాడు. "నీళ్లు తెండ్రి."

"ఇంగ్లీషుల అడిగితె అడిగినట్టు గాదు గద, సార్" అని హెడ్ మాస్టరు నసిగాడు.

"నాకు సమజైంది గద. సమజైతె అడిగినట్టే."

చెంబు ఖాళీ చేసి ఆయన లేచాడు. గుమ్మం దాటకముందే చిన్నాయన అదే ప్రశ్న అడిగాడు (అన్న కొడుకు అడిగాక తాను ఊరుకుంటే పరువేం కాను!). రెండో చెంబు. మూడోసారి తరగతి మొత్తం ఒకే గొంతుతో అడిగింది. ఇంత పెద్దమనిషిని ఒక్క మాటతో కూర్చోబెట్టవచ్చని వాళ్లకు ఆ పూటే తెలిసింది. మూడో చెంబు సగంలో ఆపి, ఇన్‌స్పెక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లలు సవాళ్లు మంచిగ అడుగుతుండ్రు అని రాస్త. నీ నౌకరీ ఖాయం. బండి సందు మలిగెదాక వీళ్ల నోర్లు మూయించు, నాయనా."

మూయించాను. మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కిన నేనే బెత్తం చూపించి, ఇరవై ముప్పై మంది పిల్లల్ని నోటి మీద వేలితో నిలబెట్టాను. బుడ్డోడు వేలు కొంచెం పక్కకు జరిపి, "మీరే గద అడగుమన్నరు, సార్" అన్నాడు. జవాబుగా బెత్తం ఇంకాస్త పైకెత్తాను.

ఆ తరువాత 'ప్రశ్నించండి' అని ఎన్ని సభల్లో గర్జించానో లెక్కలేదు. ఈ సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆ కుర్ర సంస్కర్తను తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. మీరైనా పిల్లల నోరు మూయించకండి. రేపు మీరు గడప దాటుతుంటే మీ ఇంటి పిల్ల 'ఎక్కడికి?' అంటే, నీళ్ల చెంబు కోసం వెనక్కి తిరగకండి. ఎక్కడికో చెప్పి వెళ్లండి.