ఖాళీ కడుపుతో రాకండి

బస్సు ఊరు దాటి రెండో వంతెన ఎక్కేసరికి ఘాటు బాబాయి పక్కసీటు మళ్లీ ఖాళీ అయింది. ఇది ఆయనకు కొత్త కాదు. మెడికల్ కాలేజీలో పిల్లలు శవాలు కోసి చదువుకునే హాలుకు ముప్పై ఏళ్లుగా అటెండరాయన. శవం కుళ్లకుండా ఎక్కించే ఫార్మలిన్ ఘాటు ఎన్ని సబ్బులు అరగదీసినా ఒంటిని వదలదు. పిల్లలు పెట్టిన పేరే పేరైపోయింది. అసలు పేరు ఒక్కోసారి పెళ్లానికే తట్టదు.

ముక్కు మూసుకుని లేచిపోయేవాళ్లను చాలామందిని చూశాడు గాని, ఆ వాసన పట్టి వెతుక్కుంటూ వచ్చి కూర్చున్న మనిషిని చూడటం ఇదే మొదలు. పద్దెనిమిదేళ్ల పిల్ల. కళ్లు వాచి ఉన్నాయి. కాళ్ల దగ్గర ఇనప్పెట్టె.

"బాబాయ్, మీరేనా!"

"నాలుగో బల్ల పిల్లవు కదూ? నిన్ననే కదమ్మా హాల్లో అడుగుపెట్టారు. అప్పుడే సెలవులా?"

"సెలవుల్లేవు. మానేసి పోతున్నా."

ఆయన ఉసూరుమన్నాడు. ఏటా ఇద్దరో ముగ్గురో ఇలా పెట్టె సర్దుతారు. ఆయన చూడని వేషం లేదు. రొమ్ము విరుచుకుని ముందు నిలబడ్డవాడే ముందు దబ్బున కూలుతాడు. ఒకడు వాంతి చేసుకుంటాడు. మరొకడు భయం దాచుకోడానికి శవానికి ముద్దుపేరు పెట్టి ఇకిలిస్తాడు, గదికి పోయి దుప్పటి ముసుగులో ఏడుస్తాడు. ఏడ్చేవాళ్లే నిలబడతారు. లోకంలో చాలా పనులంతే. పడవెక్కగానే కక్కినవాడే చివరకు మంచి సరంగు అవుతాడు.

"కళ్లు తిరిగాయా?"

"తిరిగితే బావుండేది." అమ్మాయి గొంతు తగ్గించింది. "నా పక్కదానికి తిరిగాయి. ఇంకోడు కక్కాడు. నాకేమైందో తెలుసా? ఆకలేసింది బాబాయ్! ఎదురుగా ఓ మనిషి అలా పడుకుని ఉంటే నాకు కడుపు నకనకలాడిపోయింది. అసలు నేను మనిషినేనా?"

"నిన్న పొద్దున్న ఏం తిని వచ్చావు?"

"ఏమీ తినలేదు. తింటే కక్కుతారని సీనియర్లు చెప్పారు."

"వాళ్ల మొహం మండ! వాళ్లకు వాళ్ల సీనియర్లు చెప్పారు. అంతా గొర్రెదాటు! ఖాళీ కడుపుతో వస్తే పడిపోక ఏం చేస్తారు? ఆ ఘాటుకు కళ్లు కారతాయి, ముక్కు మండుతుంది, ఆకలి పుడుతుంది. నాకు ఇప్పటికీ పదకొండు కొట్టేసరికి పేగులు అరుస్తాయి. మీ ప్రొఫెసరు సొరుగులో బిస్కెట్లు ఎందుకనుకున్నావు?"

"అయితే... అందరికీనా?"

"అందరికీ. బయటపడేదెవరు? నువ్వు రాక్షసివైతే కాలేజీ మొత్తం లంకే."

బస్సు టీకొట్టు దగ్గర ఆగింది. ఆయన రెండు బన్నులు ఇప్పించాడు. రెండోది సగం నములుతూ అడిగింది అమ్మాయి. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఏటా చెప్తూనే ఉన్నా ప్రొఫెసరుకి! తిని రమ్మని బోర్డు మీద ఒక్క ముక్క రాయండి సార్ అని. పుస్తకంలో లేదుగా అంటాడు. చెవిటివాడి ముందు శంఖం!"

"ఆయనకు కాదు బాబాయ్. మాకు."

"అటెండరు హాల్లో నోరెత్తకూడదమ్మా."

"ఎవరన్నారు?"

ఎవరన్నారు? చేరిన మొదటి వారంలో ఎవరో పెద్దాయన కసిరాడు. ఆయన రిటైరై, పోయి కూడా పదిహేనేళ్లు. ఆ కసురును మాత్రం ఈయన కుళ్లిపోనివ్వకుండా ఇన్నాళ్లూ దాచుకున్నాడు. ఎంతమంది పిల్లలు కూలారో, ఎన్ని పెట్టెలు సర్దుకున్నారో! రేపు పొద్దున్న మిగతా సగం బ్యాచి మొదటిసారి వస్తుంది. ఈపాటికి సీనియర్లు పస్తుండమని బోధిస్తూనే ఉంటారు. ఈయనేమో రెండురోజులు సెలవు పెట్టి అక్కగారింటికి షికారు!

తాగుతున్న టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. సంచీ భుజాన వేసుకుని, అమ్మాయి వంకైనా చూడకుండా రోడ్డు దాటాడు.

"ఏమ్మా, మీ ఊరు రాకుండానే పెట్టె దించుతున్నావేంటి?" వెనక కండక్టరు అరిచాడు.

ఆయన వెనక్కి తిరగలేదు. వెళ్లొస్తానన్న మాటైనా లేకుండా, తిరుగుబస్సు ఆగే చోటికి విసవిసా నడిచిపోయాడు.