తడి చేతులు

వంటింట్లో పిండిని బల్లకేసి కొడుతున్న చప్పుడు వినగానే మెనూ కార్డు పక్కన పెట్టి అటు తిరిగాను. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ట్రామ్ దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే చిన్న హోటల్ అది, చైనా పడమటి కొస నుంచి వచ్చిన ఉయ్‌గుర్‌లది. వేడి నూనెలో ఎండుమిరప, జీలకర్ర వేగుతున్న వాసన. మా ఆయనా నేనూ ఇక్కడికి రాక ఏళ్ళయింది. మా అబ్బాయి పసివాడప్పుడు ఈ బల్లల కిందే పాకాడు గానీ వాడికి గుర్తులేదు. చేతులు కడుక్కొచ్చి, నీళ్ళు బల్ల మీద పడేట్టు విదిలించాడు. "విదిలించకురా!" అని అరిచాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "వరూమ్? ఎందుకు, ఏమవుతుంది?" అన్నాడు వాడు, సగం జర్మన్‌లో. మాట మా అమ్మమ్మది, కానీ నా నోట వచ్చింది రాహిలే అక్క గొంతు.

రాహిలే అక్క మా కింది అంతస్తులో ఉండేది. ఈ హోటల్లో నూడుల్స్ చేత్తో సాగదీయడం ఆమె పని. నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం, మా ఆయన పొద్దున్నే వాల్డార్ఫ్‌లో ఆఫీసుకని రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. పసిపిల్లల్ని చూసుకునే కీటాలో సీటు లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా పిల్లాడికి కడుపునొప్పి. వాడితోపాటు నేనూ ఏడుస్తున్న ఒక రోజు తలుపు చప్పుడైంది. గోల ఎక్కువైందని దెబ్బలాడ్డానికి వచ్చారనుకున్నాను. చూస్తే, గిన్నెలో పిండిముద్దతో ఆమె. ఇద్దరిదీ వచ్చీరాని జర్మనే. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి పిండి చేతికిచ్చింది. నేను లాగాను, తెగింది. మళ్ళీ లాగాను, మళ్ళీ తెగింది. "కాసేపు వదిలెయ్. అలిసిపోయింది, నీలాగే" అని దానికి నూనె రాసి మూత పెట్టింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, నన్ను పడుకోమంది. ఆ రోజు ఆమె రాకపోతే నేనేమయ్యేదాన్నో ఇప్పటికీ ఆలోచించలేను.

ఆ రోజే నూడుల్స్ తినబోయే ముందు చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోసింది. అలవాటుగా విదిలించబోతే మణికట్లు పట్టుకుంది. "వద్దు. ఇంటి కళ చెదిరిపోతుంది." నాకు నవ్వొచ్చింది. "మా అమ్మమ్మా ఇదే అంటుంది అక్కా" అన్నాను. అప్పటి నుంచి ఆమె నాకు అక్కే.

తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసే వేళకి అక్క పైకి వచ్చేసేది. "ఏమ్మా రాహిలా, అన్నం తిన్నావా?" అని అమ్మ తెలుగులో, పేరు తన నోటికి తిరిగినట్టు మార్చి అడిగేది. అక్క తన భాషలో ఏదో సుదీర్ఘంగా చెప్పేది. అమ్మ తలూపేది. చైనాలో ఉన్న అక్క వాళ్ళమ్మ మాత్రం ఒకనాడు ఫోన్‌లో "ఇంక చెయ్యకు తల్లీ" అని పెట్టేసిందట. బయటి దేశంలో ఉన్న కూతురితో మాట్లాడితే అక్కడి సర్కారు వల్ల ఇంట్లోవాళ్ళకే ముప్పు. "కోపం కాదు, భయం" అంది అక్క. ఆ తర్వాత అటునుంచి ఎవరూ ఫోన్ ఎత్తలేదు. అక్క మాత్రం తన నంబరు మార్చలేదు. ఎప్పటికైనా అమ్మ చేస్తే?

తర్వాతెప్పుడో అక్క వాళ్ళ ఊరి మనిషొకాయన ఎక్కడెక్కడో తిరిగి ఈ హోటల్‌కి భోజనానికొచ్చాడు. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైందని ఆయన చెబితేగాని అక్కకు తెలియలేదు. అన్నాళ్ళూ ఆమె అమ్మ ఆరోగ్యం కోసమే ప్రార్థన చేస్తూ ఉంది. ఆ సాయంత్రం మా సింకు దగ్గర చేతులు కడుక్కుని, నీళ్ళు కారుతుండగా వాటిని అలాగే పట్టుకుని నిలబడింది. "బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్కసారీ విదిలించలేదు. ఒక్క చుక్క కూడా. నాకేం మిగిలింది చెప్పు?" నేను తువ్వాలు ఇచ్చాను. తీసుకోలేదు. అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. సిగ్గేసి కట్ చేశాను. "తియ్. నువ్వైనా తియ్" అని కిందికి వెళ్ళిపోయింది.

అక్క మళ్ళీ మా అమ్మ వీడియో కాల్ ముందు కూర్చోలేదు. కొన్నాళ్ళకు పని మానేసి, ఇల్లు ఖాళీ చేసి, మ్యూనిక్‌లో తెలిసినవాళ్ళున్నారని వెళ్ళింది. వారం తిరక్కుండా ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది యంత్రం గొంతు. ఎవరి కోసం దాచుకుందో ఆ మనిషే లేనప్పుడు ఎందుకుంచుకుంటుంది? హోటల్ యజమానికీ ఆమె జాడ తెలియదు.

నూడుల్స్ వచ్చాయి. "బాగానే ఉన్నాయి గానీ, ఆవిడ చేతివి కావు" అన్నాడు మా ఆయన. మా అబ్బాయి వదల్లేదు, "చెప్పమ్మా, విదిలిస్తే ఏమవుతుంది?" ఇంటి కళ పోతుందని చెప్పబోయి ఆగిపోయాను. "ఏమీ కాదు నాన్నా. తిను."

నాకు ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. అయినా తిన్నాక చేతులు కడుక్కుని, ఆరేదాకా సింకు దగ్గరే నిలబడబోయాను. ఇంతలో ఫోన్ మోగింది. తడి చేత్తోనే తీశాను.

"తిన్నావా అమ్మా?" అంది అమ్మ. తిన్నానన్నాను.

"ఆ రాహిలా కబురేమైనా తెలిసిందా?"

ప్రతిసారీ అడుగుతుంది. "లేదమ్మా" అన్నాను. నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. విదిలించలేదు.