ఆంప్ నోరు మూయించిన రోజు

అలిపిరి దగ్గర నేను అద్దెకుండే ఇంట్లో, కింద ఉండే ఓనరమ్మకు నా గిటార్ ధ్వనిని పెంచే ఆంప్ మోత పడదు. అందుకే వారాల తరబడి వెతికి రియాక్టివ్ లోడ్ బాక్స్ అనే పెట్టె ఒకటి కొన్నాను. ఆంప్‌కు స్పీకర్ బదులు దాన్ని తగిలిస్తే గిటార్ ధ్వని నేరుగా కంప్యూటర్‌లోకి పోతుంది, బయటికి చప్పుడు రాదు.

ఈ రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హాయిగా రికార్డింగ్‌కు కూర్చున్నాను. ఒకే చోట వేళ్లు మళ్లీ మళ్లీ తప్పుతుంటే నన్ను నేనే తిట్టుకున్నాను. ఎంత గట్టిగానో నాకు తెలియలేదు.

సాయంత్రం ఓనరమ్మ ప్రసాదం గిన్నెతో పైకొచ్చింది.

"ఎవురినప్పా అన్ని బూతులు తిడితివి? కింద సత్యనారాయణ వ్రతం జరగతా ఉంటే, అయ్యోరు కథ సెప్పేది ఆపేసినారు. దీనికన్నా నీ గిటారే మేలు గదప్పా!"

తలెత్తకుండానే గిన్నె అందుకున్నాను. ఆంప్‌కు సరిపోయే పెట్టె దొరికింది. నా నోటికి సరిపోయేది ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.