పుచ్చకాయల గడ్డకు వీపు పెట్టి

మా ముత్తాతగారి తండ్రి గద్వాల సంస్థానంలో గుర్రాల మీద అధికారి. ముత్తాతగారికి దసరా దర్బారులో కుర్చీ ఉండేది. ఆ రోజుల్లో దర్బారులో కుర్చీ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. తక్కినవాళ్ళు జంపఖానా మీద కూర్చునేవారు, జంపఖానా కూడా దొరకనివాళ్ళు స్తంభాల పక్కన నిలబడేవారు. మా తాతగారి కాలానికి మాకు జంపఖానా మిగిలింది. నాయన కాలానికి పిలుపే ఆగిపోయింది. కుర్చీ మాత్రం మా ఇంట్లోనే ఉంది. దర్బారులో ఉండవలసిన కుర్చీ మా పడసాలలోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అలా అడిగేవాళ్ళను మేము ఇంటికి పిలిచేవాళ్ళం కాదు.

శిస్తు వసూలుకు సంస్థానం మాకిచ్చిన మక్తా ఊళ్ళు ఒక్కొక్కటే పోయాయి. కొన్ని వ్యాజ్యాలు ఓడినందుకు పోయాయి, కొన్ని గెలిచినందుకు పోయాయి. యుద్ధం మొదలైన కొత్తల్లో, నాకు ఇరవై దాటిన నాటికి, మాకు మిగిలినవి ఊళ్ళో ఇల్లు, కృష్ణ నడుమ మూడు గడ్డలు. గడ్డలంటే నదిలో తేలిన దీవులు. మొదటిది జమ్ముగడ్డ, అందులో జమ్ము, పక్షులు తప్ప మరేమీ లేవు. నడుమది పుచ్చకాయల గడ్డ. వరద తీశాక దాని మీద మెత్తటి ఒండ్రు మిగిలేది, ఇసుకలో గుంట తీసి విత్తనం వేస్తే శివరాత్రి దాటేసరికి కాయలు కాళ్ళకు తగిలేవి. మూడోది రాళ్ళగడ్డ. దాని గురించి ఆ పేరు చెప్పిందే ఎక్కువ.

ఆ ఏడు వానలకు మా ఇంటి ముందు పడసాల కూలింది. వెనకవైపు గదులు కూలి చాలా ఏళ్ళయింది గానీ అవి ఎవరికీ కనబడవు కాబట్టి మేము పట్టించుకోలేదు. ముందువైపు కూలితే ఊరంతా చూస్తుంది. ఒక గడ్డ అమ్మక తప్పదని నాయన తేల్చాడు. అమ్మేది రాళ్ళగడ్డ అని కూడా తేల్చాడు. కొనేవాడు దొరికాడు కూడా.

ఆయన రాయచూరు వైపు పత్తి గిర్నీ ఉన్న షావుకారు. బొంబాయిలో ఎవరో ఆయనకు చెప్పారట, వేడి సముద్రాల్లో పెద్దమనుషులు సొంతానికి పడవ కుదుర్చుకుని దీవి నుంచి దీవికి తిరుగుతారని, అక్కడే వండుకుని తింటారని, సన్నటి పడవల్లో ఎవరి తెడ్డు వాళ్ళే వేసుకుంటారని. అప్పటినుంచి ఆయనకు తనకంటూ ఒక దీవి ఉండాలని సరదా పుట్టింది. సముద్రం దూరం. కృష్ణ దగ్గర. మూడు గడ్డలూ తిరిగి చూస్తానని కబురు పంపాడు.

మూడూ అనేసరికి నాయనకు చిక్కు వచ్చింది. జమ్ముగడ్డను దాటి, పుచ్చకాయల గడ్డ పక్కనుంచి పోతేగానీ రాళ్ళగడ్డ రాదు. నడుమది చూసినవాడెవడూ చివరిదాన్ని కొనడు. నాయన పుట్టి నడిపే బెస్త ముసలామెను పిలిపించాడు. ఆ గడ్డ మీద పుచ్చతీగలు పెట్టేది ఆమే, ఆమె కొడుకులే. పంటలో సగం మా ఇంటికి వచ్చేది. ఆ గడ్డ పోతే మాకు పోయేది సగం, ఆమెకు పోయేది మొత్తం.

"షావుకారు ఎటు చూడాల్నో నువ్వే జూసుకోవాలె" అన్నాడు నాయన.

"ఆయన మెడ నా చేతిల ఉన్నదా దొరా?"

"పుట్టి నీ చేతిల ఉన్నది గద."

"నిజమే. తిప్పితే తిరుగుతడు."

పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద వెదురు బుట్ట. గుండ్రంగా ఉంటుంది, ముందూ వెనకా ఉండదు. హోదా ఉన్నవాళ్ళకు ఇంతకన్నా పనికిరాని వాహనం లేదు. బండిలో, పల్లకిలో, చివరికి ఏనుగు మీద కూడా పెద్దవాడు ఎక్కడ కూర్చోవాలో అందరికీ తెలుసు. పుట్టిలో ఎవరు ఎక్కడ కూర్చున్నా అంచునే కూర్చున్నట్టు. అందుకని నాయన కుర్చీ తెప్పించాడు, ఆ కుర్చీనే. దాన్ని చూసి ముసలామె నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"దొరా, గిది నీళ్ళల్ల పొయ్యే బుట్ట. దర్బారు గాదు."

"అతిథిని బుట్టలో గొంతుకూర్చోబెడతామా?"

"గొంతుకూసుంటే బతుకుతడు."

అయినా కుర్చీ ఎక్కింది. దాని కాళ్ళను పుట్టి అడుగుబద్దలకు తాళ్ళతో కట్టారు.

షావుకారు మోటారులో వచ్చాడు. తలమీద సోలా టోపీ, మెడలో దుర్భిణి. దుర్భిణి చూడగానే నాయన ముఖం వాడింది, అది మా లెక్కలో లేదు. మా ఇంటివాళ్ళు పుష్కరాలకు తప్ప కృష్ణలో కాలు తడపరు. అందుకని రేవులో ముసలామె కొడుకులు నాయననూ నన్నూ భుజాల మీద ఎక్కించుకుని పుట్టిలో దించారు. షావుకారు బూట్లు విప్పి చేతపట్టుకుని, ధోవతి ఎగ్గట్టి, నీళ్ళల్లో తనే నడిచివచ్చాడు. భుజాల మీదనుంచి ఆయన సోలా టోపీ నడినెత్తి చూడటం నాకు బాగానే ఉంది.

"కుర్చీయా!" అన్నాడాయన. "నాకు బేడ దొరవారూ. మీరే కూర్చోండి." రాయచూరు మనిషి కాబట్టి వద్దనడానికి బేడ అనేవాడు.

"మీరు మా అతిథి."

గుండ్రటి పుట్టి నడుమ కుర్చీ వేస్తే అందులో కూర్చున్నవాడు ఎవరో ఒకరికి వీపు చూపక తప్పదు. షావుకారు ముఖం అవతలి ఒడ్డుకు, అంటే అమరచింత వైపుకు ఉండాలి. గడ్డలన్నీ మా ఒడ్డు వైపు ఉండేవి. నాయన గడ్డల పక్కన ఉండి ముసలామెకు సైగ చేయాలి కాబట్టి, ఒక గిర్నీవాడి వీపును ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మా వంశంలో ఇలాంటి త్యాగం ఇంకెవరూ చేసినట్టు నేను వినలేదు.

జమ్ముగడ్డ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. పక్షులు లేచాయి, షావుకారు మెచ్చుకున్నాడు. దాన్ని దాటగానే నడుమ గడ్డ మీదినుంచి గాలి వచ్చింది. ఆ గాలిలో పండిన పుచ్చకాయ వాసన. దూరంగా తీగల మీద కాయలు నున్నగా మెరుస్తున్నాయి. షావుకారు ముక్కు ఎగబీల్చి తల తిప్పబోయాడు.

"గదో షావుకారీ, మొసలి" అంది ముసలామె, తెడ్డును ఒక్క లాగు లాగి. పుట్టి తిరిగింది, కుర్చీ తిరిగింది, కుర్చీతో షావుకారూ తిరిగాడు. దుర్భిణి ఎత్తి అమరచింత ఒడ్డు వైపు చూశాడు.

"ఎక్కడ?"

"గా రాయి పక్కన."

"నాకు రాయే కనిపిస్తున్నది."

"మొసలి గట్లనే ఉంటది."

ఆయన గడ్డల లెక్క మరిచి ఆ రాయిని శ్రద్ధగా చూస్తుండగా పుచ్చకాయల గడ్డ మా వెనకకు వెళ్ళిపోయింది. నాయన నావైపు చూసి మీసం సర్దుకున్నాడు. వ్యాజ్యాలు గెలిచిన రోజుల్లో కూడా ఆయన ముఖంలో అంత వెలుగు లేదు.

రాళ్ళగడ్డ మీద ఒక దుప్పటిని పందిరిలా కట్టించాం. జొన్నరొట్టె, చేపల పులుసు, పెరుగు. తిన్నాక షావుకారు తెడ్డు అడిగాడు. వల వేసేటప్పుడు ఒక్క మనిషి ఎక్కే చిన్న పుట్లు రెండు ముసలామె కొడుకులు తెచ్చి ఉంచారు. ఒకదానిలో దిగి తెడ్డును పక్కకు వేశాడు. పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. టోపీ నీళ్ళపాలయింది.

"తెడ్డు ముంగటెయ్యి, పక్కకు గాదు" అని ముసలామె అరిచింది. తరవాత కొడుకులతో నెమ్మదిగా అంది. "గిర్నీ ఆయన గద. తిప్పుడే వస్తది."

షావుకారు నవ్వాడు, తనమీద తనే. అది నాకు వింతగా ఉంది. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. టోపీ పట్టుకుని తడి తలతో నన్ను పిలిచాడు.

"చిన్న దొరవారూ, మీరూ రండి. ఇంకో పుట్టి ఉన్నది గదా."

"మా ఇంట్లో తెడ్డు పట్టినవాళ్ళు లేరు" అన్నాను.

"అవునా. మునిగినవాళ్ళు ఉన్నరా?"

ముసలామె కొడుకులు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను రెండో పుట్టి ఎక్కాను. మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి నీటిని తనవైపుకు లాక్కోవాలట. నేను నడుము నిటారుగా ఉంచి వేశాను. నాదీ తిరిగింది. గిర్నీ షావుకారూ, గుర్రాల అధికారి మునిమనవడి కొడుకూ, ఇద్దరం కృష్ణ నడుమ రెండు బుట్టల్లో తిరుగుతూ, ఒకరికొకరం ఓసారి ముఖమూ ఓసారి వీపూ చూపుకున్నాం.

"వంగు చిన్నదొరా, వంగు. వంగితే పోతది" అని ముసలామె ఒడ్డునుంచి చెబుతూనే ఉంది.

వంగలేదు. ఒడ్డుకు మాత్రం చేరాను, నది తీసుకొచ్చింది.

షావుకారు ఒంటిమీది నీళ్ళు తుడుచుకుంటూ, పందిరి కింద కూర్చుని రాళ్ళగడ్డను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. "బాగున్నది. షికారుకు సరిపోతది. తీసుకుంట" అన్నాడు షావుకారు.

అక్కడితో ఆగి ఉంటే పని అయిపోయేది. ఆయన ఆగలేదు. మనసులో ఏ కల్మషమూ లేకుండా, నాయన చేతిమీద చెయ్యి వేసి ఇంకో మాట అన్నాడు.

"మీదెంత పెద్ద వంశమని విన్న దొరవారూ. చివరికి ఈ రాళ్ళు మిగిలినయ్. పాపం."

నాయన ఆ చేతికింది తన చెయ్యి తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇవి మా రాళ్ళు కావు షావుకారూ. అంటే, మావే. మా గుర్రాలు కాళ్ళు గట్టిపడటానికి నడిచే చోటు ఇది. అసలు మా గడ్డ మీరు చూడనే లేదు."

ముసలామె పులుసు కుండ కడుగుతున్నది కాస్తా ఆపేసింది. "దొరా, పొద్దు పోతున్నది. వాపస్ పోవాలె."

"పుట్టి తియ్యి."

"గక్కడ మొసళ్ళున్నయి."

"మొసళ్ళు అవతలి ఒడ్డున ఉన్నయని పొద్దున నువ్వే జెప్పినవ్."

"ఈదినయి" అంది ముసలామె.

ఆమె నావైపు చూసింది, నేను అడ్డుపడతానని. నేను పడలేదు. నాయన లేవకపోయి ఉంటే నేనే లేచేవాణ్ణి. రాళ్ళగడ్డ అమ్ముకోవడానికి ఒప్పుకున్నాం గానీ, రాళ్ళగడ్డవాళ్ళమని పేరు మోయడానికి ఒప్పుకోలేదు.

ఈసారి నాయన కుర్చీలో తనే కూర్చున్నాడు, ముఖం పుచ్చకాయల గడ్డ వైపు పెట్టుకుని. షావుకారు చిన్న పుట్టిలో తెడ్డు వేసుకుంటూ వెనక వచ్చాడు. ఆయనకు అప్పటికే కాస్త పట్టుబడింది, బాగా వంగేవాడు.

షావుకారు గడ్డ మీద కాలు పెట్టాడు. మడమలోతు మెత్తటి ఇసుక. పైన ఒండ్రు మీద తీగలు, తీగల మధ్య తడిక గుడిసె. నాయన తనే వంగి ఒక కాయను వేలితో కొట్టి చూసి కోయించాడు. లోపల ఎర్రగా ఉంది. రసం షావుకారు మోచేతులదాకా కారింది.

"దొరవారూ, ఎంత బాగున్నది ఈ జాగా" అన్నాడాయన.

ఇక్కడ మా మర్యాద ఒకటి చెప్పాలి. మా ఇంట్లోనే కాదు, ఆ సంస్థానాలవైపు పెద్ద ఇళ్ళన్నిటిలో ఇది ఉండేది. అతిథి ఏ వస్తువునైనా మెచ్చుకుంటే, "మీదే అనుకోండి" అనాలి. ఉంగరాన్ని మెచ్చుకున్నా అనాలి, గుర్రాన్ని మెచ్చుకున్నా అనాలి. అందుకు అతిథి, "మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే" అనాలి. అక్కడితో ఇద్దరి గౌరవమూ నిలబడుతుంది, ఉంగరం వేలికే ఉంటుంది. చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు విన్నాను. ఆ రెండో మాట రాకపోవడం ఎప్పుడూ వినలేదు.

"మీదే అనుకోండి" అన్నాడు నాయన.

మేమంతా రెండో మాటకోసం ఆగాం. షావుకారు గింజలు ఉమ్మి, ధోవతి చెంగుతో మూతి తుడుచుకున్నాడు.

"హౌదా? నిజమేనా? అయితే ఆ రాళ్ళది బేడ. ఇదే రాయిద్దాం. ధర మీరు చెప్పినంత."

నాయన కుర్చీ పుట్టిలోనే ఉండిపోయింది కాబట్టి నిలబడే ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది, అది మర్యాదకు అన్న మాట అని. కానీ అలా అంటే ఆయన ఇంతకాలం ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అన్నది ఉత్తమాటే అని ఒప్పుకున్నట్టు. పైగా ఒక గిర్నీవాడికి మర్యాద నేర్పాలంటే ముందు వాడికి గడ్డ పోతుందన్న మన భయం చూపించాలి. నాయన రెండూ చేయలేదు.

"మంచిది" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నదిలోకి వచ్చాక ముసలామె అంది, షావుకారు వినేలాగే.

"దొరా, గా మాట రాళ్ళ కాడ అంటే అయిపోవు."

"రాళ్ళను ఆయన మెచ్చుకోలేదు గద" అన్నాడు నాయన.

"మా తీగలేం గావాలె?"

పక్కన చిన్న పుట్టిలోంచి షావుకారు తల తిప్పి, పంట మీదే ఉండనీ, సగం నాకివ్వు, దొరవారికి ఇచ్చినట్టే, అన్నాడు. ముసలామె ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇస్త" అంది. "ముందు తెడ్డు ముంగటెయ్యి. మల్ల తిరుగుతున్నవ్."

రేవులో కొడుకులు మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని దించారు. షావుకారు నడిచే వెళ్ళాడు. గడ్డ డబ్బు రాగానే పడసాల బాగానే కట్టించాం, టేకు దూలాలతో. ఆ దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

పుచ్చకాయల గడ్డ ఉగాదిలోపలే షావుకారు పేరుకు మారింది. మరుసటి ఏడు జమ్ముగడ్డ కూడా ఆయనకే అమ్మాం. రాళ్ళగడ్డను కొనడానికి ఎవరూ రాలేదు.